శాన్‌ఫ్రాన్సిస్కో ప్యాలెస్ హోటల్లో బాన్‌వాయ్ పాయింట్లతో బస: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్టుల మీద ఊళ్లు తిరిగిన తెలుగువాళ్ల ఖాతాల్లో మారియట్ బాన్‌వాయ్ (మారియట్ హోటళ్ల సభ్యత్వ పథకం) పాయింట్లు పోగుపడి ఉంటాయి. బాన్‌వాయ్ క్రెడిట్ కార్డు తీసుకున్నందుకు వచ్చిన పాయింట్లు కొందరికి వేరేగా ఉంటాయి. వాటితో బే ఏరియాలో ఎక్కడైనా ఒక మంచి రాత్రి గడపాలి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఏదైనా చూపించాలి అని అడిగిన ప్రతివాళ్లకూ నేను చెప్పేది ఒకటే పేరు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్యాలెస్ హోటల్. ఆ తర్వాత వచ్చే సందేహాలు కూడా ఎప్పుడూ అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పాయింట్ల నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి బుక్ చేసే రోజున యాప్‌లో ఒకసారి సరిచూసుకోండి.

## వెళ్లాలా వద్దా అనుకుంటున్నప్పుడు

ఇంతకీ ఆ హోటల్లో అంత గొప్పేముంది?

మార్కెట్ స్ట్రీట్, న్యూ మాంట్‌గోమరీ స్ట్రీట్ కలిసే మూలన ఉంటుంది ప్యాలెస్ హోటల్. మొదటి భవనం 1875 అక్టోబర్ 2న తెరిచారు. కట్టించిన బ్యాంకరు విలియం రాల్స్‌టన్ ఆ రోజు చూడలేదు. ఆగస్టు చివర్లో ఆయన బ్యాంకు తలుపులు మూసింది, మర్నాడే ఆయన శవం సముద్రపు ఒడ్డున దొరికింది. హవాయి రాజు కలాకౌవా 1891 జనవరిలో ఈ హోటల్లోనే కన్నుమూశాడు.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం వచ్చినప్పుడు ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో ఇక్కడే దిగి ఉన్నాడు. ముందు రాత్రే నగరంలో పాడాడు. భవనం భూకంపానికి తట్టుకుంది కానీ తర్వాత ఊరంతా పాకిన మంటల్లో కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేది అదే స్థలంలో 1909 డిసెంబర్‌లో తెరిచిన రెండో భవనం.

అమెరికా అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ పదవిలో ఉండగానే 1923 ఆగస్టు 2న ఎనిమిదో అంతస్తులోని గదిలో చనిపోయింది ఇక్కడే. 1945లో ఐక్యరాజ్యసమితి పుట్టుకకు దారితీసిన సమావేశాలు ఈ నగరంలో జరిగినప్పుడు ప్రారంభ విందు ఈ హోటల్లోనే ఇచ్చారు. ఆ సమావేశాలకు మన దేశ బృందాన్ని నడిపించి, జూన్ 26న చార్టర్ మీద సంతకం చేసిన ఆర్కాటు రామస్వామి ముదలియార్ పుట్టింది కర్నూలులో. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పి తీసుకెళ్లండి, వాళ్లు చూసే తీరే వేరుగా ఉంటుంది.

మేం ఉండేది ఫ్రీమాంట్‌లో. రైల్లో ముప్పావు గంట దూరానికి రాత్రి బస దండగ కాదా?

పగటిపూట వెళ్లి ఫొటోలు దిగి వచ్చేయడానికైతే బస అక్కర్లేదు. కానీ ఈ భవనం బాగుండేది జనం తగ్గాక. రాత్రి పదింటికి లాబీలో పాలరాతి నేల మీద నింపాదిగా నడవచ్చు. పొద్దున్నే గాజు కప్పులోంచి దిగే వెలుతురులో కాఫీ తాగచ్చు. పెద్దవాళ్లకైతే ఇంకో లాభం కూడా ఉంది. మధ్యాహ్నం కాళ్లు నొప్పులంటే గదికి వెళ్లి ఒక కునుకు తీసి మళ్లీ బయటికి రావచ్చు. ఒక్క రాత్రి చాలు, రెండో రాత్రికి పాయింట్లు పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

వందేళ్ల పైబడిన హోటల్ కదా, గదులు పాతగా ఉంటాయా?

గదుల్లోపల మామూలు ఆధునిక సౌకర్యాలే ఉంటాయి. 1989లో మూసి రెండేళ్లపాటు పెద్ద ఎత్తున బాగు చేశారు, ఆ తర్వాతా మార్పులు జరిగాయి. పాతదనమంతా కింది అంతస్తులోనే ఉంటుందని అనుకుని వెళ్లండి. గదిలోకి అడుగు పెట్టగానే రాజభవనం కనిపిస్తుందనుకుంటే నిరాశ పడతారు.

బస చేయకుండా చూసి రావచ్చా?

వెళ్లచ్చు. లాబీలోకి ఎవరైనా రావచ్చు. గార్డెన్ కోర్ట్ అనే గాజు కప్పు భోజనశాలను గుమ్మం దగ్గర నుంచి చూసినా బాగా కనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ గైడ్స్ అనే సంస్థ వాలంటీర్లు ఈ హోటల్ చరిత్ర చెబుతూ ఉచితంగా తిప్పి చూపిస్తారు. ఏ రోజుల్లో ఉందో వాళ్ల క్యాలెండర్‌లో చూసి వెళ్లండి. పాయింట్లు లేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

## పాయింట్ల లెక్క

ఒక రాత్రికి ఎన్ని పాయింట్లు అవుతాయి?

ఒక అంకె చెప్పడం కుదరదు. 2022 నుంచి మారియట్ స్థిరమైన చార్టు తీసేసింది. డబ్బు ధర పెరిగితే పాయింట్ల ధర కూడా పెరుగుతుంది. యాప్‌లో హోటల్ పేరు కొట్టి, తేదీలు ఫ్లెక్సిబుల్ అని పెట్టి, పాయింట్లు అన్న గడిలో టిక్ పెడితే నెల మొత్తానికి రాత్రి రాత్రికీ ధర కనిపిస్తుంది. ఇది ఆఫీసుల మధ్య ఉన్న హోటల్. పెద్ద సదస్సు ఉన్న వారంలో ధర ఆకాశంలో ఉంటుంది. శీతాకాలపు ఆదివారం రాత్రి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. జనవరిలో జేపీ మోర్గాన్ హెల్త్‌కేర్ సదస్సు జరిగే రోజులు, సేల్స్‌ఫోర్స్ కంపెనీ డ్రీమ్‌ఫోర్స్ సదస్సు జరిగే రోజులు అసలు తలపెట్టకండి.

డబ్బు కట్టడం మేలా, పాయింట్లు వాడడం మేలా? ఎలా తేల్చుకోవాలి?

కాగితం మీద రెండు నిమిషాల పని. అదే రాత్రికి డబ్బు ధర చూడండి, దానికి పన్ను కలపండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో గది పన్నే 14 శాతం, పైన ఇంకొన్ని చిన్న వడ్డింపులుంటాయి. పాయింట్లతో తీసుకున్న రాత్రికి ఈ గది పన్ను పడదు, అందుకే దాన్ని కలపడం మర్చిపోకూడదు. డెస్టినేషన్ ఫీజు (గది ధరపైన హోటల్ రోజుకింత అని తీసుకునే రుసుము) లాంటిది ఉంటే రెండు విధాలా కట్టాల్సిందే కాబట్టి లెక్కలోంచి తీసేయండి.

ఉదాహరణకు పన్నుతో కలిపి 330 డాలర్లు, లేదా 45,000 పాయింట్లు అని ఉందనుకోండి. 33,000 సెంట్లను 45,000తో భాగిస్తే పాయింటుకు 0.73 సెంటు వచ్చింది. బాన్‌వాయ్ పాయింటుకు 0.7 సెంటు దాటితే నేను పర్లేదనుకుంటాను, 0.9 దాటితే వెంటనే వాడమంటాను. అర సెంటు దగ్గర ఉంటే డబ్బు కట్టేసి పాయింట్లు దాచుకోండి. "పాయింట్లే కదా, ఊరికే వచ్చాయి" అనుకోవద్దు. అవి మీరు ఇంటికి దూరంగా గడిపిన రాత్రులకు వచ్చినవి.

కార్డుకు ఏటా వచ్చే 35,000 ఫ్రీ నైట్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుందా?

ఆ రాత్రి ధర 35,000 లోపు ఉంటే నేరుగా చెల్లుతుంది. దాటితే కొంత మేర పాయింట్లు జత చేసి వాడుకోవచ్చు. 2022లో ఈ వీలు మొదలుపెట్టినప్పుడు పరిమితి 15,000, అంటే 50,000 దాకా అందేది. 50,000 సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇంకా తేలిక. గుర్తుంచుకోవలసింది గడువు సంగతి. సర్టిఫికెట్ మీద రాసిన తేదీలోపు బుక్ చేస్తే చాలదు, ఆ తేదీలోపు బస కూడా పూర్తి కావాలి. చాలామందికి సర్టిఫికెట్ చేజారేది ఇక్కడే.

చేజ్, అమెక్స్ పాయింట్లు బాన్‌వాయ్‌కి మార్చేసుకోనా?

అమెరికా కార్డులైతే రెండింటి నుంచీ ఒకటికి ఒకటి చొప్పున మారతాయి. అయినా నేను వద్దంటాను. అవే పాయింట్లు విమానం టికెట్లకు వాడితే ఎక్కువ విలువ వస్తుంది, ముఖ్యంగా హైదరాబాద్ వెళ్లే కుటుంబానికి. రెండు మూడు వేలు తక్కువపడి బుకింగ్ ఆగిపోతే మాత్రం ఆ మేరకు మార్చుకోండి. ఒకసారి మార్చాక వెనక్కి రావు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. పిల్లలను చూడ్డానికి వెళ్తున్నాం. ఇక్కడి కార్డు పాయింట్లు అక్కడ పనికొస్తాయా?

బాన్‌వాయ్ ఖాతా ప్రపంచమంతా ఒకటే, పాయింట్లు ఎక్కడ వచ్చినా ఎక్కడైనా వాడచ్చు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023లో తెచ్చిన మారియట్ బాన్‌వాయ్ కార్డుకు వచ్చే ఫ్రీ నైట్ 15,000 పాయింట్ల స్థాయిది. దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున వాడాలని చూడకండి, మన దేశంలోనే వాడుకోండి. పోగైన పాయింట్లను మాత్రం ఈ హోటల్‌కు నిశ్చింతగా వాడచ్చు.

నా ఖాతాలో కొన్ని, మా ఆవిడ ఖాతాలో కొన్ని ఉన్నాయి. కలపచ్చా?

కలపచ్చు, రుసుము లేదు. ఒకరు ఏడాదికి లక్ష పాయింట్ల వరకు వేరేవాళ్లకు పంపచ్చు. కొత్తగా తెరిచిన ఖాతా అయితే కొన్నాళ్లు ఆగాలి. కాబట్టి ప్రయాణానికి ముందు రోజు కాకుండా నెల ముందే ఈ పని చూసుకోండి.

ఐదో రాత్రి ఫ్రీ అంటారు కదా?

అవును, వరసగా ఐదు రాత్రులు పాయింట్లతో తీసుకుంటే వాటిలో అతి తక్కువ పాయింట్ల రాత్రి లెక్కలోంచి పోతుంది. హవాయి సెలవులకు బాగుంటుంది, ఈ హోటల్‌కు అనవసరం.

## బుక్ చేసేటప్పుడు

డబ్బుకు గదులు చూపిస్తోంది, పాయింట్లకు చూపించడం లేదు. ఎందుకని?

బాన్‌వాయ్‌లో బ్లాకౌట్ తేదీలు (పాయింట్లు చెల్లని రోజులు) లేవు అంటారు. నిజమే, కానీ రోజుకు ఎన్ని మామూలు గదులు పాయింట్లకు ఇవ్వాలన్నది పరిమితం చేసుకునే వీలు హోటల్‌కు ఉంటుంది. అవి అయిపోతే సూట్లూ పెద్ద గదులూ మాత్రమే మిగులుతాయి, లేదా ఏమీ ఉండదు. ఎవరైనా రద్దు చేసుకుంటే మళ్లీ కనిపిస్తాయి. బస తేదీకి నాలుగైదు రోజుల ముందు, రద్దు గడువు దగ్గరపడుతున్నప్పుడు, పొద్దునా రాత్రీ ఒకసారి చూడండి.

నేను ఉండను, అమ్మానాన్నలకు మాత్రమే బుక్ చేయాలి. కుదురుతుందా?

కుదురుతుంది, కానీ యాప్‌లో బుక్ చేసి ఊరుకుంటే మీ పేరు మీదే ఉంటుంది. బాన్‌వాయ్ కస్టమర్ సర్వీస్‌కు ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు వాళ్ల పేర్లు చేర్పించండి. తర్వాత హోటల్‌కు కూడా ఫోన్ చేసి పేర్లు పడ్డాయో లేదో అడగండి. మన ఇంటిపేరు ఒకచోట మొదట, ఒకచోట చివర వస్తుంది కాబట్టి అక్షరం అక్షరం చదివించుకోండి. మీకు ప్లాటినం స్టేటస్ (ఏడాదిలో ఎక్కువ రాత్రులు గడిపినవాళ్లకు బాన్‌వాయ్ ఇచ్చే పై హోదా) ఉన్నా మీరు లేని బసలో ఆ సౌకర్యాలు వాళ్లకు వస్తాయని ఆశ పెట్టకండి.

కార్డు విషయం కూడా ముందే తేల్చుకోవాలి. చెకిన్ దగ్గర వాళ్ల చేతిలో ఒక కార్డు ఉండాలి. నా సలహా అడిగితే, ఆ సాయంత్రం మీరే వెళ్లి చెకిన్ చేయించి, గదిలో లైట్లు, షవర్, ఏసీ ఎలా వేయాలో చూపించి రండి. ఇంగ్లిష్ బాగా వచ్చిన పెద్దవాళ్లకు కూడా అక్కడ నిలబడి ఫీజుల గురించి మాట్లాడడం టెన్షనే.

వేరే ట్రావెల్ సైట్‌లో చవగ్గా దొరుకుతోంది. అక్కడ తీసుకోనా?

డబ్బు కట్టే ఉద్దేశం ఉంటే తీసుకోవచ్చు. అలా తీసుకున్న గదికి పాయింట్లు రావు, రాత్రులు లెక్కకు రావు, స్టేటస్ సౌకర్యాలకు హక్కు ఉండదు.

మేం నలుగురం. ఒక గది సరిపోతుందా?

బుకింగ్‌లో పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది అన్నది నిజంగా ఉన్నంతే రాయండి. రెండు మంచాల గది పాయింట్లకు ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది. నగరం మధ్య పాత హోటల్ కాబట్టి గదిలో కింద పరుపు వేసుకుందాంలే అనుకుని వెళ్లకండి.

తర్వాత రద్దు చేస్తే పాయింట్లు పోతాయా?

గడువులోపు రద్దు చేస్తే పూర్తిగా వెనక్కి వస్తాయి. గడువు బుకింగ్ మెయిల్‌లో ఉంటుంది, అది శాన్‌ఫ్రాన్సిస్కో సమయం. రద్దు చేయకుండా వెళ్లకపోతే పోగొట్టుకున్నట్టే.

## వెళ్లే రోజు

కారులో వెళ్లనా, రైల్లోనా?

రైల్లోనే. మాంట్‌గోమరీ స్ట్రీట్ బార్ట్ స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే హోటల్ ఎదురుగా ఉంటుంది. ఫ్రీమాంట్, మిల్పిటస్ వైపు నుంచి డేలీ సిటీ రైలు నేరుగా వస్తుంది. విమానాశ్రయం నుంచి కూడా అరగంటలో రావచ్చు. సన్నీవేల్ వైపువాళ్లు కాల్‌ట్రెయిన్‌లో వచ్చి మ్యూనీ (నగరంలో తిరిగే బస్సు లేదా ట్రామ్) ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే స్టేషన్‌లో లిఫ్ట్ ఎటువైపుందో ముందే చూసుకోండి. కారు తెస్తే రాత్రి పార్కింగ్ ఖర్చు గట్టిగా పడుతుంది, పాయింట్లతో మిగిల్చినదాంట్లో మంచి భాగం అక్కడే పోతుంది. తప్పక తెచ్చినా సీట్ల మీద బ్యాగు, చార్జరు, ఆఖరికి జాకెట్ కూడా వదలకండి. ఈ నగరంలో కారు అద్దాలు పగలగొట్టడం మామూలే.

పాయింట్లతో బుక్ చేశాను కదా, మళ్లీ డబ్బులెందుకు అడుగుతున్నారు?

గదికీ గది పన్నుకీ మాత్రమే పాయింట్లు సరిపోతాయి. డెస్టినేషన్ ఫీజు అని రోజుకింత వసూలు చేసే హోటళ్లలో, పాయింట్ల మీద వచ్చినవాళ్లు కూడా అది కట్టాలి. బాన్‌వాయ్‌లో దానికి మాఫీ లేదు. హిల్టన్, హయత్ కార్యక్రమాల్లో పాయింట్ల బసకు ఇలాంటి ఫీజు తీసుకోరు, అక్కడ అలవాటైనవాళ్లు ఇక్కడ కంగుతింటారు. 2025 మే నుంచి అమెరికాలో తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధరను ముందే చూపించాలన్న నిబంధన ఉంది కాబట్టి బుకింగ్ చివరి పేజీ నింపాదిగా చదవండి. చెకిన్ దగ్గర అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ఫీజుకు బదులు తిండికి క్రెడిట్ ఏమైనా ఇస్తున్నారా? ఇస్తుంటే ఆ రోజే వాడేయండి.

కార్డు మీద ఏదో హోల్డ్ పెట్టారు. అది పోయినట్టేనా?

లేదు. గదిలో వాడే ఖర్చులకు హామీగా కొంత మొత్తం ఆపి ఉంచుతారు, చెకౌట్ తర్వాత వదిలేస్తారు. డెబిట్ కార్డు ఇస్తే మీ ఖాతాలో డబ్బే కొన్నాళ్లు ఇరుక్కుంటుంది. క్రెడిట్ కార్డు ఇవ్వండి.

## హోటల్లో ఉన్నప్పుడు

పాయింట్ల మీద వచ్చారని ఏ మూల గదో ఇస్తారా?

డబ్బు కట్టినవాళ్లకు ఇచ్చే మామూలు గదే ఇస్తారు. స్టేటస్ ఉంటే అది కూడా ఈ బసకు వర్తిస్తుంది. ట్రాఫిక్ చప్పుడు పడనివాళ్లు మార్కెట్ స్ట్రీట్ వైపు కాకుండా పై అంతస్తులో గది కావాలని రెండు రోజుల ముందే అడగండి. మర్యాదగా అడిగితే చాలావరకు చూస్తారు.

బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీనా?

మామూలుగా కాదు. ఇది లగ్జరీ కలెక్షన్ బ్రాండ్ హోటల్. ఇందులో ప్లాటినం, ఆపై స్టేటస్ ఉన్నవాళ్లు చెకిన్‌లో వెల్‌కమ్ గిఫ్ట్ ఎంచుకోవచ్చు. పాయింట్లు వద్దని బ్రేక్‌ఫాస్ట్ తీసుకోండి. స్టేటస్ లేకపోయినా ఇక్కడ ఒక పూట డబ్బు పెట్టి తినమంటాను, ఎందుకంటే గార్డెన్ కోర్ట్‌లో కూర్చుంటారు. పాత హోటల్లో గుర్రపు బగ్గీలు లోపలికి వచ్చి ఆగిన ప్రాంగణం ఉన్న చోటే 1909లో ఈ భోజనశాల కట్టారు. నెత్తిమీద రంగుటద్దాల గుమ్మటం, కింద పాలరాతి స్తంభాలు, మధ్యలో వేలాడే షాండ్లియర్లు. 1919లో అధ్యక్షుడు విల్సన్ ఈ హోటల్ విందుల్లోనే వర్సాయ్ ఒప్పందానికి మద్దతు కోరాడు. మబ్బు కప్పినప్పుడు ఆ అద్దం పాలిపోయినట్టుంటుంది. ఎండ రాగానే బల్ల మీది గ్లాసులు కూడా పసుపురంగు తిరుగుతాయి. కిటికీ పక్క సీటు కోసం వెతకద్దు, నడిమధ్య బల్ల అడగండి.

మేం శాకాహారులం. ఏం తినాలి?

పొద్దునపూట పళ్లు, ఓట్‌మీల్, బ్రెడ్, బంగాళాదుంపలతో గడిచిపోతుంది. ఒక్క విషయంలో జాగ్రత్త. ఇక్కడ పుట్టిన గ్రీన్ గాడెస్ డ్రెస్సింగ్ చాలా ప్రసిద్ధి. 1923లో జార్జ్ ఆర్లిస్ అనే నటుడి గౌరవార్థం హోటల్ షెఫ్ తయారుచేశాడు. ఆకుపచ్చగా కొత్తిమీర పచ్చడిలా కనిపిస్తుంది కానీ అసలు వంటకంలో ఆంచోవీ చేపలు, మయొనైజ్ ఉంటాయి. సలాడ్ కదా అని చెప్పేయకుండా వెయిటర్‌ను అడగండి. రాత్రి భోజనానికి హోటల్లోనే తినాలని లేదు, నడిచేంత దూరంలో చాలా రకాలు దొరుకుతాయి.

తప్పకుండా చూడాల్సినవి ఏవి?

గార్డెన్ కోర్ట్ తర్వాత నా ఓటు బార్‌లోని బొమ్మకు. 1909లో హోటల్ కోసమే మాక్స్‌ఫీల్డ్ పారిష్ వేసిన పైడ్ పైపర్ చిత్రం, 16 అడుగుల పొడవు. ఎలుకలను తోలిన వేణువు మనిషి వెనక పిల్లలు బయల్దేరే ఘట్టం. 2013లో దాన్ని అమ్మేద్దామని గోడ మీంచి తీసేశారు. ఊరి జనం ఊరుకోలేదు, అభ్యంతరాలు వెల్లువెత్తాయి. నెలల్లోనే శుభ్రం చేయించి మళ్లీ అక్కడే పెట్టారు. పిల్లల ముఖాలు ఒక్కొక్కటే చూడండి, భయపడే ముఖం ఒకటి, నవ్వే ముఖం ఒకటి. హడావుడి లేని సాయంత్రం వేళ వెళితే దగ్గరగా నిలబడి చూడనిస్తారు.

పిల్లలకు బోరు కొట్టదా?

లోపల గాజు కప్పు కింద ఈత కొలను ఉంది, చలికాలమైనా పర్లేదు. బయట మార్కెట్ స్ట్రీట్ మీద పాతకాలపు ఎఫ్ లైన్ ట్రామ్‌లు తిరుగుతుంటాయి. ఒకటెక్కిస్తే ఫెర్రీ బిల్డింగ్ మీదుగా ఫిషర్‌మెన్స్ వార్ఫ్ దాకా వెళ్తుంది.

నడిచి వెళ్లగల చోట్లు చెప్తారా?

హోటల్‌కు కొద్ది అడుగుల్లో, మార్కెట్ స్ట్రీట్ మీదే లోటాస్ ఫౌంటెన్ ఉంది. ఇది కూడా 1875 నాటిదే. భూకంపం తర్వాత చెల్లాచెదురైన కుటుంబాలు ఒకరినొకరు వెతుక్కున్న చోటు. ఏటా ఏప్రిల్ 18న తెల్లవారుజామున 5:12కు, భూమి కంపించిన నిమిషానికి, జనం అక్కడ చేరతారు. ఆ తేదీకి పాయింట్లతో గది దొరికితే వదలకండి. ఆధునిక కళా మ్యూజియం, యెర్బా బ్యూనా తోటలు వెనకవైపే ఉన్నాయి.

కొంచెం దూరమైనా క్యాబ్‌లో వెళ్లి చూడవలసింది వుడ్ స్ట్రీట్‌లోని గదర్ మెమోరియల్. భారత స్వాతంత్ర్యం కోసం 1913లో ఈ నగరం కేంద్రంగా నడిచిన గదర్ పార్టీ తొలి సభ్యుల్లో కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య ఒకరు. తెరిచి ఉండే రోజులు తక్కువ, కనుక్కుని వెళ్లండి.

## చెకౌట్ అయ్యాక

సాయంత్రం దాకా గది ఉంచుకోవచ్చా?

ప్లాటినం వాళ్లు నాలుగింటి వరకు, గోల్డ్ వాళ్లు వీలును బట్టి రెండింటి వరకు అడగచ్చు. స్టేటస్ లేకపోతే సామాను బెల్ డెస్క్ దగ్గర పెట్టి ఊరు తిరిగి రండి.

పాయింట్లతో గడిపిన రాత్రి స్టేటస్‌కు లెక్కకొస్తుందా?

వస్తుంది, మీరు స్వయంగా బస చేస్తే. గదికి రాయించుకున్న తిండి ఖర్చుకు కూడా పాయింట్లు పడతాయి. వారం పది రోజుల్లో పడకపోతే బిల్లు జతచేసి యాప్‌లో అడగండి.

మిగిలిన పాయింట్లు ఎన్నాళ్లు ఉంటాయి?

ఖాతాలో 24 నెలలు ఏ కదలికా లేకపోతే మొత్తం పోతాయి. ఒక బస చేసినా, కార్డు మీద కొన్ని పాయింట్లు పడినా గడువు మళ్లీ మొదలవుతుంది. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నవాళ్లు పాత కంపెనీ మెయిల్ ఐడీ తీసేసి సొంత మెయిల్, ఇండియా నంబరు పెట్టుకోండి. లాగిన్ కోడ్ పాత ఫోన్‌కు వెళ్తే ఖాతా తెరవడమే కష్టమవుతుంది.